కిరాంకుకు ఎన్ని తూట్లు

నేను మెకానిక్కును కాదు, మెకానిక్కు పెళ్లాన్ని. అది ఇంకా కష్టం. మెకానిక్కు చేతిలో పానా ఉంటుంది, ఎంతసేపైనా తిప్పుకుంటూ కూర్చుంటాడు. పెళ్లాం చేతిలో ఏముంటుంది? జొన్న గటక చల్లారిపోతుంటే ఇంటికీ షెడ్డుకూ నడుమ తిరగడమే. నాకసలే ఓపిక తక్కువ. పుట్టింట్లో నన్ను కాలుగాలిన పిల్లి అనేవాళ్లు. అట్లాంటి దాన్ని తెచ్చి, బోల్టును కూడా బతిమాలి విప్పే మనిషికి కట్టబెట్టారు.

దేవరకొండ నుంచి పాలమూరు పోయే తోవలో మా ఊరు. ఇంటి ముందు తాటాకుల షెడ్డు, షెడ్డులో మా లారీ. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క దాని వీపుకు బొగ్గుల పొయ్యి కట్టి నడిపిన ముసలి లారీ అది. ఆముదాలు మోసేది, జొన్నలు మోసేది, పల్లికాయ మోసేది, దాని పుణ్యాన మా పొయ్యి మండేది.

మా ఆయనకు పని నేర్పింది దేవరకొండలో ఒక పెద్ద సాయబు. ఊరంతా ఉస్తాద్ అనేవాళ్లు, మేమూ అట్లాగే పిలిచేవాళ్లం. తల్లిలేని పిల్లవాడని మా ఆయనను ఆయన భార్య కడుపులో పెట్టుకుని సాకింది. ఆమెను ఖాలా అనేవాళ్లం, చిన్నమ్మ అన్నట్టు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఖాలా నా రెండు చేతులూ పట్టుకుని, "బేటీ, వీడు నిదానం మనిషి. నువ్వు గొంతు లేపితే ఇంక నిదానం జేస్తడు, జర యాదిపెట్టుకో" అని చెప్పింది. యాది పెట్టుకున్నాను గానీ గొంతు మాట వింటే కదా!

ఆ ఏడు పోలీసు చర్య జరిగింది. అంతకుముందు దాకా ఖాకీ బట్టలేసుకున్న గుంపులు పల్లెల మీద పడి కొంపలు ముంచాయి, కాదనను. మా పుట్టింటి ధాన్యం పాతర తవ్వుకుపోయారు. యూనియన్ మిలిటరీ వచ్చింది, వాళ్లు పారిపోయారు. పారిపోయిన వాళ్లు దొరకరు కదా. అందుకని దొరికిన వాళ్ల మీద పడ్డారు మనవాళ్లు. ఎద్దుపుండు కాకికి నొప్పా అంటారే, అట్లా ఆ రోజుల్లో ఎవరి ఏడుపు ఎవరికీ పట్టలేదు. దేవరకొండ చుట్టూ సాయబుల ఇళ్లు ఖాళీ అవుతున్నాయని, కొన్ని కాలుతున్నాయని రోజుకొక కబురు వచ్చేది.

ఉస్తాద్ కూతురు పట్నంలో ఉండేది. అక్కడికి చేరితే వాళ్లకు భయం లేదు. కానీ ఖాలాకు జ్వరం, లేచి నాలుగడుగులు నడవలేదు. ఎడ్లబండిలో పోతే ఊరూరా ఆగాలి, ఊరూరా "ఎవరు, ఏమిటి" అని గుడ్డ లేపి చూస్తారు. లారీ అయితే మిలిటరీ బండ్ల దుమ్ములో కలిసి ఎక్కడా ఆగకుండా పోవచ్చు. "నేను పోయి ఇద్దరినీ తీస్కపోయి బిడ్డ దగ్గర దింపొస్త" అన్నాడు మా ఆయన. నాకు ప్రాణం లేచివచ్చింది. "ఇంకేంది మరి, లే" అన్నాను.

లేస్తే ఏముంది! పట్నం దాకా ఓపుతుందో లేదో చూద్దామని ఊరి బయటి ఎత్తు మీదికి తోలాడు. లోపల దబ్బుమని ఒక చప్పుడు. ఇంజను పొట్టలో అడ్డంగా పడుకుని తిరిగే వంకర్ల కడ్డీ ఉంటుంది, దాన్ని కిరాంకు అంటారు మావాళ్లు. అది విరిగింది. గోరుచుట్టు మీద రోకటి పోటు. ఎడ్లను కట్టి లారీని ఇంటికి ఈడ్చుకొచ్చారు. నేను దాని ముందు నిలబడి నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. మా ఆయన కింద దూరి మరలు విప్పడం మొదలుపెట్టాడు. ఆ నిదానం చూస్తే నాకు ఒళ్లు మండింది.

అట్లాంటి కిరాంకు పాలమూరులో వెతికినా దొరకదు. ఒక్క చోట ఉంది. ఉస్తాద్ షెడ్డులో, మూలన, మా లారీ జాతిదే గానీ ఇంకా పాతదైన ఒక ఇంజను ఏళ్లుగా పడి ఉంది. దాని కిరాంకు తీసి మా ఇంజనులో పెట్టవచ్చు. "పెట్టొచ్చు గని, ఫ్లైవీలు కలవాలె" అన్నాడు మా ఆయన.

ఫ్లైవీలంటే కిరాంకు కొసకు బిగించే బరువు చక్రం. తిరగలి పైరాయి తిరిగినట్టు తిరిగి ఇంజను ఊపు పోకుండా చూస్తుంది. మా ఆయన చెప్పేది ఏమిటంటే, ఆ పాత జాతిలో కొన్ని కిరాంకుల కొసకు నాలుగు తూట్లు ఉంటాయి, కొన్నింటికి ఆరు. మా చక్రానికి ఆరు. నాలుగుదైతే దానికి బిగించలేం. ఆ పాత ఇంజను చక్రం ఎప్పుడో ఎవరో కొనుక్కుపోయారు కాబట్టి మా చక్రమే దానికి ఎక్కాలి. తూట్లు కలిసినా సరిపోదట, నడిమి బొడ్డు కూడా కొలవాలట.

"కొల్వకుండ బిగిస్తె ఏమైతది?" అన్నాను.

"దారిల ఊడుతది. గంత బరువు చక్రం ఊడితె ఇంజనును చీల్చుకోని మన కాళ్ల మీదికి వస్తది."

అప్పుడు మా పెద్దమామ ఉప్పు కోసం దేవరకొండకు బండి కడుతున్నాడు. మా ఆయనకు పెదనాయిన. సేద్యం మనిషి, మోటుగా ఉన్నా మంచివాడు. ఇంజను విప్పే పని వదిలి తాను పోలేక మా ఆయన పెద్దమామకు పదిసార్లు చెప్పాడు. "పెదనాయినా, ఉస్తాద్‌ను ఒక్కటే అడుగు. మూలకున్న ఇంజను కిరాంకుకు ఎన్ని తూట్లు అని. ఆరైతె నేనొచ్చి కిరాంకు పట్టుకొస్త, లారీ అయినంక వచ్చి ఇద్దర్ని పట్నం తీస్కపోత, తయారుగ ఉండుమను." పెద్దమామ తలూపి పోయాడు.

ఆయన తిరిగొచ్చేదాకా నేను ఇంట్లో కూర్చోలేదు. రోడ్డు మీదికి పోయేదాన్ని, తంగేడు చెట్ల దాకా నడిచేదాన్ని, ఎవరైనా చూస్తారని రెండు తంగేడు కొమ్మలు విరుచుకుని తిరిగొచ్చేదాన్ని. బతుకమ్మ పండుగకు ముందే మా గడప నిండా తంగేడు కొమ్మలు.

బండి వచ్చింది. పెద్దమామ దిగుతూనే కండువా దులిపి, "ఇగ గా సాయబు ఊసెత్తకుండ్రి" అన్నాడు.

"ఏమైంది?"

"ఏమైతది? నువ్వు జెప్పినట్టే జెప్పిన. తలుపు ఇంత తెరిచిండు. నన్ను సూశిండు, రోడ్డు సూశిండు. ఛీ అన్నడు. తలుపేసుకున్నడు. గడప ముంగట నిలబడ్డ మనిషిని ఛీ అని తలుపేసుకుంటరా?"

మా ఆయన పానా కింద పెట్టాడు. "ఉస్తాద్ గట్ల అనడు పెదనాయినా."

"అన్నడు. నా చెవులు పాడైనయా?"

నేనైతే ఎగిరిపడ్డాను. మేం చేసిన పాపమేమిటి? ఎవరో ఇళ్లు తగలబెడితే మమ్మల్ని ఛీ అంటాడా? సాయం చేస్తామంటే ఛీ అంటాడా? మా ఆయన విని విని, "అంటె అన్నడు. మనోళ్లు జేసింది సూస్తె ఎవడైనా అంటడు" అని మళ్లీ షెడ్డులోకి పోయాడు. ఆ మాటతో నా కోపం చల్లారిపోయి దిగులు పట్టుకుంది. కోపం నయం, దానితో పని చేయొచ్చు. దిగులుతో చేతులు ఆడవు.

తర్వాత రోజులు ఎట్లా గడిచాయో నాకే తెలియదు. మళ్లీ ఎవరినైనా పంపుదామంటే వద్దన్నాడు. నేనే పోతానంటే వద్దన్నాడు. "మనల్ని రావొద్దన్న ఇంటికి ఎట్ల పోతం? పోతె ఆయనను అవమానించినట్టే." ఆ మర్యాద ఒకటి మధ్యలో! అన్నం తినడు, మాట్లాడడు. నేను చేటలో జొన్నలు పోసుకుంటే సగం నేల మీద పడేవి. ఊళ్లో ఆడవాళ్లు బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే నేను అడుగు తప్పాను. ఖాలా జ్వరం ఎట్లుందో, మందు ఎవరు పోస్తున్నారో. ఛీ అన్నది ఆయన కదా, ఆమె అనలేదు కదా అని నాలో నేనే వాదులాడుకునేదాన్ని.

ఒక పొద్దున మా ఆయన ఏమనుకున్నాడో, విరిగిన కిరాంకు నుంచి చక్రం విడదీయడానికి కూర్చున్నాడు. పెద్దమామ అక్కడే మంచం మీద కూర్చుని కొడవలి నూరుతున్నాడు. షెడ్డులో పనిచేసే వాళ్లకు ఒక పద్ధతి ఉండేది. ఉస్తాద్ నేర్పిందే. మాట తెలుగులోనే, లెక్క మాత్రం ఉర్దూలో. విప్పిన ప్రతి బోల్టునూ పైకి లెక్కపెట్టి డబ్బాలో వేయాలి, బిగించేటప్పుడు మళ్లీ అట్లాగే లెక్కపెట్టి తీయాలి. ఇంట్లో నన్ను రెండు రొట్టెలు పెట్టమనే మనిషి షెడ్డులోకి పోతే దో బోల్టు అనేవాడు. ఆ వేళ కూడా అట్లాగే వేస్తున్నాడు. ఏక్. దో. తీన్. చార్. పాంచ్. చివరిది కాస్త గట్టిగా బిగుసుకుని ఉంది, ముక్కుతూ విప్పి డబ్బాలో పడేసి అన్నాడు.

"ఛే."

పెద్దమామ కొడవలి ఆపేశాడు. "అగో! గదే! గట్లనే అన్నడు నన్ను!"

నాకు అర్థం కాలేదు. మా ఆయనకు అయింది. పానా చేతిలోనే ఉంది, మనిషి లేచి నిలబడ్డాడు. "ఏమన్నడు పెదనాయినా? మళ్ల జెప్పు. ఛీ అన్నడా, ఛే అన్నడా?"

"ఏదైతేంది? నువ్విప్పుడు ఎట్లన్నవో గట్ల. గిట్ల చెయ్యి గూడ సూపెట్టిండు." పెద్దమామ ఒక అరచెయ్యి విప్పి, రెండో చేతి బొటనవేలు పక్కన పెట్టాడు. అయిదూ ఒకటి.

"ఛే అంటె ఆరు" అన్నాడు మా ఆయన. "ఆరు తూట్లు. నువ్వు అడిగిన దానికి జవాబు జెప్పిండు."

దేవుడా! రోడ్డు మీద ఎవరో చూస్తున్నారని భయపడి, వచ్చిన వాడికి ముప్పు రాకూడదని, ఒక్క ముక్కలో చెప్పి తలుపేసుకున్నాడు ఆ ముసలాయన. ఇటు మేం ఆ ఒక్క ముక్కను పట్టుకుని అలిగి కూర్చున్నాం. పెద్దమామ తల పట్టుకున్నాడు. "నాకేమెరుక బిడ్డా, ఏక్ దో తీన్ దాక వస్తది నాకు. నాతోని ఎప్పుడు మాట్లాడినా తెలుగుల్నే మాట్లాడె." ఆయనను ఏమనాలి? అనడానికి తీరికేదీ? "బండి కట్టు" అని అరిచాను. ఈసారి ఎవరూ నన్ను ఆపలేదు, నేనూ ఎక్కాను. మా ఆయన మాత్రం ఆ తొందరలోనూ చక్రాన్ని గోనెసంచిలో చుట్టి బండిలో వేశాడు. కిరాంకును అక్కడే పట్టి చూసి గానీ తేడట.

ఎడ్లను అంతగా కొట్టడం పెద్దమామ జీవితంలో అదే మొదలు.

ఉస్తాద్ షెడ్డు తలుపు తెరిచే ఉంది. పక్కింటి చాకలామె మమ్మల్ని చూసి బయటికొచ్చింది. ఉస్తాద్ లోపల నేల మీద కూర్చుని ఉన్నాడు. మా ఆయనను చూసి లేచాడు. లేచి, భుజాలు తడిమాడు, చేతులు తడిమాడు, వంగి కాళ్లు చూశాడు. "మంచిగున్నవా బేటా? కాళ్లు చేతులు మంచిగున్నయా?"

"నేను మంచిగనే ఉన్న. ఖాలా యాడుంది?"

చాకలామె చెప్పింది. ఖాలా పోయింది. జ్వరం తలకెక్కింది, దవాఖానకు తీసుకుపోవడానికి ఎవరూ బండి ఇవ్వలేదు. కబరస్తానుకు మోసుకుపోవడానికి వాళ్లవాళ్లు ఎవరూ ఊళ్లో లేరు. ఈమె మొగుడు, ఇంకొకాయన, ఉస్తాద్ కలిసి మోశారు. పోయి ఎక్కువ రోజులు కాలేదు. నేను గడపలోనే కూలబడి ఏడ్చాను. మా ఆయన ఏడవలేదు. గోడకు చేయి ఆనించి అట్లాగే నిలబడిపోయాడు.

కాసేపటికి ఉస్తాదే అన్నాడు. "ఫ్లైవీలు తెచ్చినవా? తే. కలుస్తదో లేదో సూద్దం."

కిరాంకు తీసి పెట్టి ఉంది. పెద్దమామ వచ్చిపోయిన రోజే తీశాడట. తుప్పు గీకి, నూనె పూసి, గుడ్డలో చుట్టి. గేరుబాక్సు కడ్డీ వచ్చి కూర్చునే చిన్న తూటు పాతదానికి అరిగిపోయి ఉంటే, ఇత్తడితో చిన్న గొట్టం చేసి దానిలోకి దిగ్గొట్టాడు. మా ఆయన చక్రాన్ని ఎత్తి దాని కొసకు పట్టాడు. బొడ్డు సరిగ్గా కూర్చుంది. తూట్లు కలవలేదు. ఒకటి కలిస్తే ఇంకొకటి పక్కకు పోతోంది. చెమటలు కారుస్తూ అటూ ఇటూ నెడుతున్నాడు.

"ఒక తూటు కావాలనే పక్కకు ఏస్తరు కంపెనోళ్లు. ఒక్క తీరుగనే కూసుంటది. నీకు జెప్పలేదా?" అని ఉస్తాద్ చక్రం అంచు పట్టి కొంచెం కొంచెంగా తిప్పాడు. టక్కున కూర్చుంది. ఆరుకు ఆరూ కలిశాయి. తర్వాత దీపం మసిలో నూనె కలిపి కిరాంకు ముఖానికి పూసి, చక్రాన్ని అదిమి తీయమన్నాడు. చుట్టూ మసి సమానంగా అంటితే చక్రం నిండుగా ఆనినట్టు. ఒక పక్క అంటకపోతే అక్కడ ఎత్తుపల్లాలు ఉన్నట్టు, ఇంజను వణికి బోల్టులు తెగుతాయి. ఒక పక్క అంటలేదు. ఉస్తాద్ ఆకురాయితో రాయడానికి కూర్చున్నాడు. రాయడం, మసి పూయడం, అదమడం, చూడడం. నాకు అరవాలనిపించింది. ఇప్పుడెందుకీ నిదానం, ఎవరి కోసం? కానీ ఆయన చేతుల్లో ఆ పని లేకపోతే మనిషి అక్కడే పడిపోయేటట్టు ఉన్నాడు. నోరు మూసుకుని దీపం మసి గీరి ఇచ్చాను.

కిరాంకునూ ఉస్తాద్‌నూ మా బండిలో ఊరికి తెచ్చాం. ఆయన మీద జొన్నచొప్ప పరిచి, పైన నేను కూర్చున్నాను. దారిలో ఇద్దరు ముగ్గురు ఆపి చూశారు. "ఏంది, ఆడమనిషి బండి గూడ సోదా జేస్తరా? మీ అక్కచెల్లెండ్లను గిట్లనే ఆపుతరా?" అని నేను లంకించుకుంటే తప్పుకున్నారు. నా నోరు ఒకసారైనా పనికొచ్చింది.

మా షెడ్డులో తలుపులేసుకుని ఇద్దరూ ఇంజను కట్టారు. చక్రం బిగించాక, ఒక తీగ ముక్కను దాని అంచుకు దగ్గరగా కట్టి చేత్తో తిప్పి చూశారు. తీగకూ అంచుకూ నడుమ సందు ఎక్కడా మారలేదు. చక్రం వంకర లేదు. హ్యాండిల్ వేసి తిప్పితే ఇంజను పలికింది. "పాత కిరాంకు కద, జర వణుకుతది. ఉరికించకు" అన్నాడు ఉస్తాద్.

తెల్లవారగానే పట్నం తోవ పట్టాం. ముగ్గురం ముందు సీట్లోనే. ఖాలాను పడుకోబెట్టడానికని నేను ఎప్పుడో కుట్టి పెట్టిన బొంత వెనక గోనెల మీద అట్లాగే మడత పెట్టి ఉంది. మిలిటరీ లారీల వెనక మా లారీ వణుక్కుంటూ పోతోంది. నాకు కూర్చోబుద్ధి కాలేదు. మా ఆయన చెప్పడు, ఆ మనిషి అడగడు. ఎన్నాళ్లని? చివరికి నేనే బయటపెట్టాను.

"ఉస్తాద్, మేం ఎందుకు రాలేదో అడగరేంది?"

ఆయన రోడ్డు చూస్తూ కూర్చున్నాడు.

"మీరు ఛే అంటె మా పెద్దమామకు ఛీ అన్నట్టు ఇనపడ్డది. మీరు మమ్మల్ని అసహ్యించుకున్నరనుకున్నం. గందుకే రాలే."

మా ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. ఉస్తాద్ అప్పుడు నా వైపు తిరిగాడు. కోపం వచ్చిందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"గిదా సంగతి" అన్నాడు. "మీ ఖాలా రోజు పొద్దుగాల నన్ను రోడ్డు మీదికి తోలేది, లారీ చప్పుడైతాంది సూడు పో అని. రాకపోతె ఏడ్సేది. మన పిలగాన్ని తొవ్వల ఎవలన్న ఆపిండ్రో, కొట్టిండ్రో, మనకోసమని వాని పానం మీదికి తెచ్చుకున్నడో అని. నేనే జెప్పిన, వానికేం గాదు, చక్రం ఊడొస్తలేదేమో, కొలుసుకుంట కూసున్నడు, తొందరపడే పిలగాడు కాదు, నేను నేర్పిన పని అది అని. గా మాటకు జర నిమ్మళపడ్డది. గట్లనే కండ్లు మూసింది."

మా ఆయన లారీని రోడ్డు పక్కకు తీసి ఆపాడు. ఇంజను ఆపలేదు. స్టీరింగు మీద తల పెట్టి, పెళ్లయినప్పటి నుంచి నేను ఎన్నడూ వినని గొంతుతో ఏడ్చాడు. వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. ఉస్తాద్ అతని వీపు మీద చెయ్యి వేసి, "పోనియ్ బేటా, బిడ్డ ఎదురుసూస్తుంటది. దానికి ఇంకా వాళ్లమ్మ సంగతి తెల్వదు" అన్నాడు.